పదో తరగతి హిస్టరీ: రైళ్ళ టైములు గుర్తుంటాయి, సంవత్సరాలు గుర్తుండవు

మిషన్ కుట్టే అమ్మ, కావలి:

అందరికీ నమస్తే. మా వాడు పదో తరగతి. మార్చిలో పబ్లిక్ పరీక్షలు. లెక్కలకీ సైన్సుకీ భయం లేదు. తెలుగు, హిందీ ఎట్టాగో గట్టెక్కుతాడు. సోషల్లో హిస్టరీ దగ్గరికొచ్చేసరికే కథ అడ్డం తిరుగుతోంది.

చదవడా అంటే చదువుతాడు. తెల్లారి నాలుగున్నరకు అలారం పెట్టుకుని లేచి, డాబా మీద అటూ ఇటూ తిరుగుతూ పైకి చదువుతాడు. పొద్దున్నే వచ్చే పాలాయనకు కూడా సహాయ నిరాకరణోద్యమం నోటికొచ్చేసి ఉంటుంది ఈ పాటికి. పుస్తకం నిండా మూడు రంగుల గీతలు. పసుపు అంటే ఇంపార్టెంట్, పచ్చ అంటే వెరీ ఇంపార్టెంట్, గులాబీ అంటే తప్పకుండా వస్తుంది. మొన్న తిరగేసి చూస్తే గీత పడని లైను ఒక్కటీ మిగల్లేదు.

ప్రీ ఫైనల్ పేపరు ఇంటికి తెచ్చాడు. ఉప్పు సత్యాగ్రహం 1942 అని రాశాడు. చౌరీచౌరాను దండి తర్వాత పెట్టాడు. సహాయ నిరాకరణోద్యమాన్ని గాంధీజీ ఎందుకు ఆపేశారో రాయమంటే మొదటి నాలుగు లైన్లు పుస్తకంలో ఉన్నట్టే, కామాతో సహా రాశాడు. ఐదో లైను ‘అందువలన’ అని మొదలైంది. ఆ తర్వాత అర పేజీ ఖాళీ. ఏమైందిరా అంటే, "అక్కడి దాకా వచ్చిందమ్మా, తర్వాతి లైను రాలా" అన్నాడు.

ట్యూషన్ సార్ని అడిగాను. ఇంకో పదిసార్లు చదివించమన్నారు. చదివాడు. మళ్ళీ అదే ‘అందువలన’ దగ్గర ఆగాడు.

నాకు అర్థం కానిది ఇంకొకటి. మా ఆయన స్టేషన్ దగ్గర ఆటో నడుపుతాడు. సెలవుల్లో వీడు వెళ్ళి ఆటోలో కూర్చుంటాడు. కావలిలో ఆగే రైళ్ళన్నీ వీడికి కంఠతా. ఏది ఎన్నింటికి వస్తుంది, నెల్లూరుకు ఎన్నింటికి చేరుతుంది, ఏ రోజు రాదు, అన్నీ చెబుతాడు. ఎవరైనా పెద్దాయన వచ్చి అడిగితే ఫోన్ చూడకుండా చెప్పేస్తాడు. ఆ బుర్రలోకి 1930 ఎందుకు ఎక్కదో నాకు తెలియడం లేదు.

నేను ఇంటర్‌తో ఆపేశాను. వాడికి పాఠం చెప్పేంత నాకు రాదు. ఇది పెళ్ళిళ్ళ సీజన్, రాత్రి పదిన్నర దాకా మిషన్ మీదే ఉంటాను. నేను కూర్చుని చదివించలేను. పిలకాయలకు హిస్టరీ గుర్తుండటానికి మీలో ఎవరైనా ఏదైనా చేసి ఉంటే, చేసింది చెప్పండి. బాదంపప్పు, బ్రాహ్మీ మాత్రలు లాంటివి వద్దు, అవి అయిపోయాయి.


ఇంటర్ ఫస్టియర్, ఒంగోలు:

ఆంటీ, నేనూ ఇదే పుస్తకం చదివి పరీక్ష రాశాను. నాకు పనికొచ్చింది ఒకటే. పాఠం మొత్తం చదివేదాన్ని కాదు. ముందు పాఠం వెనకాల ప్రశ్నలు చూసి, వచ్చినంత వరకు రఫ్ బుక్కులో రాసేసేదాన్ని. తప్పులతడకే, నవ్వొచ్చేది. తర్వాత పాఠం తెరిస్తే తప్పు రాసిన చోటే కళ్ళు పోయి ఆగేవి. అట్టా చూసింది మర్చిపోలేదు.

ఒక మార్కు బిట్లకు బొమ్మల కింద రాసినవి, పక్కన బాక్సుల్లో ఉన్నవి కూడా చూడమనండి. మా క్లాసులో అందరూ వాటిని వదిలేసేవాళ్ళు. మ్యాపు మాత్రం రోజూ ఒకటి పెట్టుకోమనండి. చంపారన్, ఖేడా, అహ్మదాబాద్, అమృత్‌సర్, చౌరీచౌరా, దండి, లాహోర్. ఇవి మ్యాపులో చేత్తో పెడితే ఎక్కడ జరిగిందో కూడా తలలో ఉంటుంది. నేను మొదట్లో ఖేడాను బీహార్‌లో పెట్టేదాన్ని.

మీ వాడి రంగు పెన్నులు దాచేయండి ఆంటీ. సీరియస్‌గానే చెబుతున్నా.


పాత సోషల్ మాస్టారు, కందుకూరు:

అమ్మా, నేను ముప్పై రెండేళ్ళు జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో సోషల్ చెప్పి రిటైరయ్యాను. ఎక్కువ కాలం మార్కాపురం వైపు, చివరి ఆరేళ్ళు సొంతూళ్ళో.

మీ వాడికి జ్ఞాపకశక్తి తక్కువ అన్న మాట మనసులోంచి తీసేయండి. ఆ రైళ్ళను వాడు చదవలేదు. ఎవరో అడిగారు, వాడు చెప్పాడు. తప్పు చెప్పిన రోజు ఎవరో రైలు తప్పిపోయి ఉంటారు, మీ ఆయన చేత అక్షింతలు పడి ఉంటాయి. మర్నాడు మళ్ళీ ఎవరో అడిగారు. హిస్టరీని మాత్రం వాడిని అడిగేవాళ్ళు లేరు. పుస్తకం చేతిలో ఉంది, కళ్ళు లైన్ల మీద పోతున్నాయి, నోరు కదులుతోంది, వచ్చేసినట్టే ఉంటుంది. పుస్తకం ఎదురుగా ఉంటే ఎవరికి రాదు చెప్పండి?

ఇది నాకు అనుభవం మీద తెలిసింది, అదీ సిగ్గుపడాల్సిన పద్ధతిలో. ఒక ఆగస్టు పదిహేనున హెడ్మాస్టరు గారు రాలేదు. సోషల్ మాస్టారువి కదా, నువ్వే మాట్లాడు అన్నారు. మన జిల్లాకే పేరిచ్చిన టంగుటూరి ప్రకాశం పంతులు గారి గురించి మొదలుపెట్టాను. సైమన్ కమిషన్ వచ్చినప్పుడు మద్రాసులో పోలీసుల తుపాకులకు రొమ్ము చూపించారు అన్నంత వరకు బాగానే వచ్చింది. ఏ సంవత్సరం? నోరు ఆగిపోయింది. 1927 అన్నాను, కాదు 1928 అన్నాను, మళ్ళీ 27కి వచ్చాను. ముందు వరసలో ఆరో తరగతి పిలకాయలు నవ్వుతున్నారు. అప్పటికి ఇరవై ఏళ్ళుగా అదే పాఠం చెబుతున్నా. ఆ ఇరవై ఏళ్ళూ పుస్తకం ఎడమ చేతిలోనే ఉంది! నేనూ మీ వాడిలాగే చూసి చదివానే తప్ప ఒక్కసారీ చూడకుండా చెప్పలేదు. (కమిషన్‌ను వేసింది 1927 నవంబరులో, అది మన దేశంలో దిగింది 1928 ఫిబ్రవరి 3న. రెండూ ఉన్నాయి కాబట్టే నాకు ఆ తికమక. ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెబుతాను.)

ఆ ఏడాదే క్లాసులో నోట్స్ చెప్పి రాయించడం మానేశాను. మార్కాపురంలో పలకలకు కొదవేముంది, క్లాసుకు సరిపడా తెప్పించాను. పదో తరగతి వాళ్ళకు పలకలేంటని తల్లిదండ్రులు కొందరు అడగడానికి కూడా వచ్చారు. పద్ధతి ఇదీ. నిన్న చెప్పిన పాఠంలో గుర్తున్నవి ఐదు నిమిషాల్లో పలక మీద రాయాలి. వాక్యాలు వద్దు, ముక్కలు చాలు. తర్వాత పుస్తకం తెరిచి, రాయనివి ఏవో చూసుకోవాలి. పలక తుడిచేయాలి. మళ్ళీ రాయాలి. ఆ తుడవడంలోనే ఉంది అసలు సంగతి. నోట్‌బుక్కులో రాస్తే అది అక్కడే ఉంటుంది, తల ఖాళీగా ఉన్నా ధైర్యంగా ఉంటుంది. తుడిచిన పలక మీద ధైర్యం ఉండదు.

ఆ రాసింది మర్నాడు ఒకసారి, మూడు రోజులాగి ఒకసారి, ఆ పై ఆదివారం ఒకసారి రాయాలి. ఒకే రోజు పదిసార్లు రాసినా, నాలుగు రోజులుగా విడగొట్టి నాలుగుసార్లు రాసిందే ఎక్కువ నిలుస్తుంది. ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ ఆయన అర్థం లేని అక్షరాల ముక్కల్ని బట్టీపట్టి, ఎంత త్వరగా మర్చిపోతున్నాడో తన మీద తానే లెక్కలు కట్టుకున్నాడు. మొదటి గంటల్లోనే చాలా భాగం జారిపోతుందని, ఆ తర్వాత జారడం నెమ్మదిస్తుందని తేల్చాడు. ఆ పుస్తకం వేసింది 1885లో. మన కాంగ్రెస్ పుట్టిందీ బొంబాయిలో అదే ఏడాది డిసెంబరులో. ఈ రెంటికీ ఏ సంబంధమూ లేదు, నాకు గుర్తుండటానికి నేను కట్టుకున్న ముడి.

ఇక సంవత్సరాలు. మీరు రైళ్ళ మాట రాశారు కదా, రాత్రి పడుకుని ఆలోచించాను. వాడికి మనం కొత్త తాడు పేననక్కర్లేదు, ఉన్న పట్టాల మీదే నడిపిద్దాం. గూడూరు నుంచి తెనాలి దాకా స్టేషన్లు వాడికి వరసగా వచ్చు. ఒక్కో స్టేషన్లో ఒక్కో సంవత్సరాన్ని దింపమనండి.

గూడూరులో 1915. గాంధీజీ దక్షిణాఫ్రికా నుంచి వచ్చి ఎక్కారు. నెల్లూరులో 1919. పెద్ద స్టేషన్ కాబట్టి రౌలట్ చట్టం, ఏప్రిల్ 6 హర్తాళ్, 13న జలియన్‌వాలాబాగ్, మూడూ అక్కడే. బిట్రగుంట ఒకప్పుడు బొగ్గింజన్ల షెడ్డు ఉన్న ఊరు, మీకు తెలిసే ఉంటుంది. ఇంజను నిప్పు రాజేసుకుని బయల్దేరిన చోటు కనక అక్కడ 1921 జనవరి, సహాయ నిరాకరణ మొదలు. మీ కావలిలో 1922 ఫిబ్రవరి. చౌరీచౌరా. బండి ఉన్నట్టుండి ఆగిపోయింది. అక్కడి నుంచి ఆరేళ్ళు పెద్ద కదలిక లేదు, ఉలవపాడు, సింగరాయకొండ దాటించేయండి. టంగుటూరు వచ్చింది. ఆ ఊరి పేరు ఎవరి ఇంటి పేరు? సైమన్ గో బ్యాక్, 1928. దీన్ని నేను కల్పించనక్కర్లేకపోయింది, రైల్వే వాళ్ళే పెట్టిపెట్టారు. ఒంగోలులో 1929 డిసెంబరు, లాహోర్ కాంగ్రెస్, పూర్ణ స్వరాజ్యం. చినగంజాం దగ్గర కిటికీలోంచి చూస్తే ఉప్పు మళ్ళు కనిపిస్తాయి. ఇంకేం కావాలి, 1930, దండి. చీరాలలో 1931 గాంధీ ఇర్విన్ ఒప్పందం, బాపట్లలో 1932 పూనా ఒడంబడిక. తెనాలిలో 1942. క్విట్ ఇండియా రోజుల్లో, ఆగస్టు 12న, అక్కడ పోలీసు కాల్పుల్లో ఏడుగురు చనిపోయారు. ఆ చోటు పేరు ఇప్పటికీ రణరంగ చౌక్.

ఒక తిరకాసు ఉంది, ముందే చెబుతున్నా. చీరాల అనగానే నాలాంటివాడికి 1921 గుర్తొస్తుంది. మున్సిపాలిటీ పన్ను కట్టేది లేదని దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి వెంట జనం ఇళ్ళొదిలి ఊరి బయట రామనగర్ కట్టుకుని ఉన్నారు. కాబట్టి చీరాల పెడితే నాకు తప్పొస్తుంది, మీ వాడికి రాకపోవచ్చు. అందుకే నా వరస యథాతథంగా ఇవ్వొద్దు. వాడినే స్టేషన్లు ఎంచుకోమనండి. నేను కట్టిన ముడి నాకే విడుతుంది.

దండికి సంబంధించిన అంకెలు కూడా బట్టీ అక్కర్లేదు. రోజుకు సుమారు పది మైళ్ళు, ఇరవై నాలుగు రోజులు, 240 మైళ్ళు. మార్చి 12న బయల్దేరి ఏప్రిల్ 6న ఉప్పు తీశారు. ఆ ఏప్రిల్ 6 పైన నెల్లూరులో కూడా ఉంది, చూశారా? 1919 హర్తాళ్ తేదీనే మళ్ళీ ఎంచుకున్నారు. ఒక తేదీ చదివితే రెండు జవాబులు.

యూరప్ పాఠం గురించి మీరు అడగలేదు గానీ, పిలకాయలు అక్కడే బోర్లా పడతారు. ఉన్న దేశం ఉన్నట్టుండి ఎట్టా పుడుతుంది సార్ అని అడిగేవాళ్ళు. వాళ్ళకు మా ఇల్లు చూపించేవాణ్ణి. కందుకూరులో మా తాత కట్టిన మిద్దె. మా తాత పోయే దాకా అది నెల్లూరు జిల్లా. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా పెట్టి అందులో కలిపారు, రెండేళ్ళకు దానికి ప్రకాశం పేరు పెట్టారు. 2022లో మమ్మల్ని మళ్ళీ నెల్లూరులో కలిపారు. మిద్దె అంగుళం కదల్లేదు. మా పక్కింటాయన మాత్రం "మేం ఒంగోలోళ్ళం" అని అప్పుడూ వాదించేవాడు. జర్మనీలో 1871కి ముందు ముప్పై పైచిలుకు రాజ్యాల జనం కూడా ఇట్టాగే వాదించుకుని ఉంటారు, అదే జాతీయవాదం పాఠం అనేవాణ్ణి. 1861 ఇటలీ, 1871 జర్మనీ, మధ్య పదేళ్ళు.

మీ వాడి ‘అందువలన’ సంగతి రేపు రాస్తాను. కళ్ళు లాగుతున్నాయి.


గ్రూప్స్ ప్రిపరేషన్, నెల్లూరు:

మాస్టారు, మీ రైలు బాగుంది, నేను కూడా ఎక్కేశాను. కానీ అక్కకు ఒక మాట చెప్పాలి. కథ తెలిస్తే చాలు, జవాబు అదే వస్తుంది అనుకోవద్దు. ఎనిమిది మార్కుల ప్రశ్నకు పేపరు దిద్దే ఆయన వెతికేది పాయింట్లు. నా ఫ్రెండు ఒకడు కథ రెండు పేజీలు రాశాడు, అందులో రౌలట్ అన్న పేరే లేదు. కొన్ని మాటలు ఉన్నవి ఉన్నట్టు రావాలి: హర్తాళ్, బహిష్కరణ, స్వరాజ్, పికెటింగ్, శాసనోల్లంఘన. వాటిని బట్టీ పడితే తప్పేం లేదు. బట్టీని మరీ తిట్టకండి సార్, ఎక్కాలు అట్టానే వచ్చాయి మనకు.

అయితే దేన్ని బట్టీ పడుతున్నామో చూసుకోవాలి. నేను టెన్త్ ఒక హాస్టల్లో ఉండి చదివాను. రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్స్, చేతిలో పుస్తకం ఉండదు, గైడు ఉంటుంది. గాంధీ ఇర్విన్ ఒప్పందం 1913 అని అచ్చుతప్పు పడింది అందులో. ముప్పై ఒకటి తిరగబడి పదమూడైంది. మా రూములో పదకొండు మందిమి, అందరం 1913 అని రాశాం. ఆ స్లిప్ టెస్ట్ దిద్దిన సార్ కాపీ కొట్టామని అందర్నీ బయట నిలబెట్టాడు. గాంధీజీ ఇండియా వచ్చిందే 1915లో అని ఒక్కడికీ తట్టలేదు చూడండి. ముందూ వెనకా తెలిసుంటే ఆ అచ్చుతప్పు కంట్లో పడేది. ఈ లెక్కన మాస్టారు చెప్పిందే రైటవుతుందేమో, సరే.

అక్కా, నేను చేసేది: ఒక ప్రశ్నకు ఐదారు మాటలు, ఒక చీటీ మీద. చీటీ చూసి జవాబు నోటితో చెప్పడం. చీటీలో ఉన్న మాట ప్రతిదీ జవాబులో వచ్చిందా లేదా అంతే చూసుకోవడం.


గిత్తలోడు, కరవది:

నాకు హిస్టరీ రాదు, కానీ మా చెల్లికి ఒక పాఠం నేనే నేర్పించా. ప్రపంచీకరణ పాఠంలో ఆఫ్రికాలో పశువులకు వచ్చిన రిండర్‌పెస్ట్ ఉంది. చెల్లి నాలుగుసార్లు చదివి ఆ పేరు కూడా పలకలేకపోయింది. మా కొట్టంలో కట్టేసిన గిత్తను చూపించి, దీనికి రేపు జబ్బు చేసి చచ్చిపోతే మనమేం చేస్తాం అని అడిగా. అప్పు తీర్చలేం, పొలం దున్నలేం, నాన్న ఇంకొకరి దగ్గర కూలికి పోతాడు అంది. అదే ఆఫ్రికాలో జరిగింది అన్నా. బ్రిటిష్ వాళ్ళ ఏలుబడిలో ఉన్న ఆసియా దేశాల నుంచి తెచ్చిన జబ్బు పశువులతో అది తూర్పు ఆఫ్రికాలో దిగింది. 1892కి అట్లాంటిక్ ఒడ్డుకు చేరింది. నూటికి తొంభై పశువులు పోయాయి. పశువు లేకపోతే కూలికి పోక తప్పదు, గనుల వాళ్ళకూ తోటల వాళ్ళకూ కావాల్సింది అదే. చెల్లికి ఇంక చదవక్కర్లేకపోయింది.

మన ఒంగోలు జాతి పశువులు బ్రెజిల్ పోయి అక్కడ ‘నెలోర్’ అయ్యాయి, మా ఊరి పేరుతో ‘కరవది’ అనే గిత్త అక్కడ పెద్ద పేరు తెచ్చుకుంది. అది పుస్తకంలో లేదు. ఉంటే నేనూ పాసయ్యేవాణ్ణి.


పాత సోషల్ మాస్టారు, కందుకూరు:

గిత్తలోడు గారూ, నేను ముప్పై రెండేళ్ళలో ఆ పాఠం అంత బాగా చెప్పలేదు.

గ్రూప్స్ అబ్బాయి చెప్పిన చీటీ పద్ధతికి నేను ఒప్పుకుంటున్నాను. మాటలు రావాలి. మాటల మధ్య దారం కూడా రావాలి.

అమ్మా, ‘అందువలన’ దగ్గర మీ వాడు ఎందుకు ఆగాడంటే, అంతకు ముందున్నవి వాడికి కారణాలుగా తెలియవు, లైన్లుగా తెలుసు. లైను తెగితే తర్వాతి లైను రాదు. కారణం తెలిస్తే సొంత మాటల్లో అయినా బండి లాగొచ్చు. ఆ పాఠంలో అసలు విషయం ఇది: స్వరాజ్యం అన్న మాట ఒకటే, ఎవరికి అర్థమైంది వాళ్ళది. అవధ్ రైతుకు అది కౌలు తగ్గడం, వెట్టి పోవడం. మన గూడెం కొండల్లో అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన వాళ్ళకు అది అడవి తిరిగి చేతికి రావడం. అస్సాం తేయాకు తోటల కూలీకి, 1859 చట్టం ప్రకారం అనుమతి లేకుండా తోట దాటకూడని మనిషికి, అది సొంతూరు పోవడం. ఇంతమంది ఇన్ని ఆశలతో ఒకే బండి ఎక్కితే అది అందరినీ ఒకే వేగంతో తీసుకుపోతుందా? చాలా చోట్ల హింస అప్పటికే మొదలైంది. గోరఖ్‌పూర్ దగ్గర చౌరీచౌరాలో ఊరేగింపు పోలీసులతో తలపడి, స్టేషన్ తగలబడి, లోపల పోలీసులు చనిపోయేసరికి గాంధీజీ ఆపేశారు. సత్యాగ్రహం చేసేవాళ్ళకు ఇంకా తర్ఫీదు కావాలన్నారు. కాంగ్రెస్‌లో కొందరికి అప్పటికే శాసనసభల ఎన్నికల్లో నిలబడాలని ఉంది, సి.ఆర్. దాస్, మోతీలాల్ నెహ్రూ స్వరాజ్ పార్టీ పెట్టుకున్నారు. ఇదంతా మీ వాడు మీతో చెప్పగలిగితే పరీక్షలో రాయగలడు.

మీకు పాఠం రాదని రాశారు. రాకపోవడమే మంచిది. మీరు మిషన్ ఆపక్కర్లేదు. వాడు పక్కన కూర్చుని చెబుతాడు, అర్థం కానిచోట మీరు ‘ఎందుకు?’ అంటారు. తెలిసినవాళ్ళు మధ్యలో అందించేస్తారు, తెలియనివాళ్ళు నిజంగా అడుగుతారు.


మిషన్ కుట్టే అమ్మ, కావలి:

అందరికీ దండాలు. పన్నెండు రోజులైంది. జరిగింది జరిగినట్టు రాస్తున్నా.

పలక కొన్నాం. మొదటి రోజు పలక మీద మూడు ముక్కలు రాసి కూర్చున్నాడు. ముఖం చూడలేకపోయాను. చదవకముందు కూడా అంతే వచ్చు, చదివిన తర్వాత కూడా అంతే వచ్చు అని వాడికే కోపం వచ్చింది. నాలుగో రోజుకి పలక సరిపోక వెనక్కి తిప్పి రాశాడు.

మాస్టారి రైలు చదివి వినిపించాను. వినడం పూర్తికాకముందే సార్ తప్పు అన్నాడు. చినగంజాంలో పెద్ద బండ్లు చాలావరకు ఆగవంట, దానికి ప్యాసింజరే కావాలంట. కాసేపాగి తనే, "దండికి నడిచే కదమ్మా పోయింది, ప్యాసింజరే కరెక్టులే" అన్నాడు. చీరాల ఉంచుకున్నాడు, వాడికి తిరకాసు రాలేదు. నెల్లూరులో మూడు సంగతులు పెట్టడం మాత్రం ఒప్పుకోలేదు, ఒకటి పడుగుపాడుకు మార్చుకున్నాడు. ఏది మార్చాడో నాకు చెప్పలేదు.

రాత్రిళ్ళు నా పక్కన స్టూలు వేసుకుని చెబుతున్నాడు. నేను బ్లౌజులకు హుక్సులు కుడుతూ వింటున్నా. నిన్న సహాయ నిరాకరణోద్యమం వచ్చింది. అవధ్, గూడెం, అస్సాం, అన్నీ చెప్పాడు. అస్సాం కూలీలు తోటలు వదిలి ఇంటిదారి పట్టారన్నాడు. "మరి ఇల్లు చేరారా?" అని అడిగాను. నాకు నిజంగానే తెలియదు. రైల్వే, స్టీమర్ సమ్మె వల్ల దారిలోనే చిక్కుకుపోయారు, పోలీసులు పట్టుకుని కొట్టారు అన్నాడు. రైల్వే అన్న మాట దగ్గర గొంతు కొంచెం లేచింది. గాంధీజీ ఆపేశారు అన్నాడు. అప్పుడు అడిగాను, "ఆపేస్తే మరి అప్పటికే ఉద్యోగాలు వదిలేసుకున్నోళ్ళు, బళ్ళు మానేసిన పిలకాయలు, వాళ్ళ సంగతేంది?" అని.

చెప్పలేకపోయాడు. లేచి లోపలికి పోయి పుస్తకం తెచ్చుకున్నాడు. గవర్నమెంటు బళ్ళకు బదులు పెట్టాల్సిన దేశీ బళ్ళు త్వరగా రాలేదంట, అందుకని పిలకాయలు, అయ్యవార్లు మళ్ళీ పాత బళ్ళకే పోయారంట, లాయర్లు కోర్టులకు పోయారంట. ఆ పేరా ఇంతవరకు చూడలేదమ్మా అన్నాడు. ఆ పేరా మీద మూడు రంగులూ ఉన్నాయి.

ప్రస్తుతం ఆ రంగు పెన్నులు కనపడటం లేదని ఇల్లంతా వెతుకుతున్నాడు. మిషన్ సొరుగులో ఉన్నాయి, మార్కింగ్ చాక్‌పీసుల కింద. ఏప్రిల్లో ఇస్తా.